చెవిలో హోరు, చిన్న చప్పుడు కూడా భరించలేకపోవడం, రిపోర్టులేమో నార్మల్: కారణం ఎక్కడ వెతకాలి?

మీరు రాసిందంతా చదివాను. ముప్పై నాలుగేళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాల్స్. మూడు నెలలుగా రెండు చెవుల్లోనూ కుయ్‌మని ఆగని మోత, రాత్రిళ్లు మరీ ఎక్కువ. దానికి తోడు స్టీలు గిన్నె కింద పడినా, పక్కింటి కుక్కర్ విజిల్ వేసినా, ట్యూబ్‌లైట్ వెలుగు కళ్లలో పడినా, చివరికి దేవుడి గదిలో అగరొత్తి వెలిగించినా తట్టుకోలేకపోతున్నారు. చెవి డాక్టర్ చూసి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) నార్మల్, ఏమీ లేదు అన్నారు, నెల రోజులకు బిళ్లలు రాశారు, తగ్గలేదు. ఇప్పుడు లేచింది మొదలు పడుకునేదాకా చెవుల్లో ఇయర్‌ప్లగ్స్‌తోనే ఉంటున్నారు. మెదడులో గడ్డేమో అని భయం, ఇది జీవితాంతం ఉంటుందేమో అని ఇంకో భయం. పై నెలలో తమ్ముడి పెళ్లి, వెళ్లొచ్చా అని అడిగారు.

నేను ఆడియాలజిస్టుని, వినికిడి సమస్యలు చూడటం చాలా ఏళ్లుగా నా పని. మిమ్మల్ని చూడకుండా ఫలానా జబ్బు అని చెప్పను. కానీ మీరు చెప్పిన తీరును బట్టి రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్పగలను. ఒకటి, దీని కారణం ఒక్క చెవిలోనే వెతికితే దొరకదు. రెండు, ఆ ఇయర్‌ప్లగ్స్ ఇంట్లో ఉన్నప్పుడు తీసెయ్యాలి, అవి మీ బాధను పెంచుతున్నాయి.

ముందు గడ్డ సంగతి. వినికిడి నరం పక్కన వచ్చే గడ్డ ఒకటుంది, వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు. అది క్యాన్సర్ కాదు, చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఏడాదికి లక్ష మందిలో ఒకరిద్దరికి బయటపడే జబ్బు. అది దాదాపు ఎప్పుడూ ఒక పక్కే ఉంటుంది. ఒకే చెవిలో హోరు, అదే చెవికి వినికిడి తగ్గడం, ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే మాట వినపడుతుంది గానీ ఏమంటున్నారో తెలియకపోవడం, ఇలా. ఒక పక్కే హోరు ఉన్నవాళ్లలో కూడా చాలామందికి గడ్డ ఉండదు, అయినా అలాంటివాళ్లకు ఎమ్మారై ఒకసారి తీయించమంటాం. మీకు రెండు పక్కలా ఉంది, రెండు చెవులకీ వినికిడి సమానంగా ఉంది. ఆ దిగులు పక్కన పెట్టెయ్యండి.

మీకు వర్తించకపోయినా ఇదే బాధతో ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. రాత్రి బాగానే పడుకుని పొద్దున లేచేసరికి ఒక చెవి దిబ్బడ వేసినట్టయి, అందులో హోరు మొదలైతే, జలుబు చేసిందనో స్నానంలో నీళ్లు పోయాయనో వారం రోజులు చూస్తూ కూర్చోకండి. అది నరానికి ఉన్నట్టుండి వచ్చే చెవుడు కావచ్చు. దానికి స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా పడితే అంత ఆశ, రెండు వారాలు దాటాక ఆశ బాగా సన్నగిల్లిపోతుంది. వేడి నూనె పోయించుకుని, మెడికల్ షాపులో చుక్కల మందు కొనుక్కుని, నెల తిరిగాక వచ్చేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అలాగే హోరు గుండె కొట్టుకున్నట్టు లయగా వస్తుంటే మణికట్టు నాడి మీద వేలు పెట్టి చూడండి. రెండూ కలిసి కొట్టుకుంటుంటే దాని దారి వేరు: రక్తం తక్కువగా ఉండటం, థైరాయిడ్ ఎక్కువవడం, బీపీ, చెవి దగ్గరి రక్తనాళాల్లో తేడా, కాస్త లావుగా ఉన్న, పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో తల లోపల ఒత్తిడి పెరగడం. ఈ చివరిదానిలో తలనొప్పీ, వంగి లేచినప్పుడు క్షణంపాటు కళ్లు చీకట్లు కమ్మడమూ ఉంటాయి. అశ్రద్ధ చేస్తే చూపే పోవచ్చు, కాబట్టి కళ్ల డాక్టర్ దగ్గర కంటి నరం చూపించుకోవాలి. మూతి వంకరపోవడం, ఇల్లంతా గిర్రున తిరగడం, తలకి దెబ్బ తగిలాక మొదలవడం, వీటిలో ఏది ఉన్నా ఆగకూడదు.

ఇక మీ నార్మల్ రిపోర్టు. మామూలు ఆడియోగ్రామ్‌లో మేం చూసేది 250 నుంచి 8,000 హెర్ట్జ్ (స్వరం ఎంత సన్ననిదో చెప్పే కొలత) దాకానే. చిన్న వయసులో మనిషి చెవి 20,000 దాకా వింటుంది. అంటే 8,000 పైన ఏం జరిగిందో ఆ కాగితంలో ఉండదు. పైగా ఆ గదిలో కూర్చోబెట్టి మిమ్మల్ని అడిగింది ఒక్కటే, సన్నని చప్పుడు వినపడగానే బటన్ నొక్కమని. 25 డెసిబెల్స్ లోపు వినగలిగితే నార్మల్ అని రాస్తాం. గోలలో మాట పట్టుకోగలుగుతున్నారా, ఏ స్థాయి చప్పుడు మీకు బాధగా మారుతోంది, ఇవేవీ అందులో లేవు. నార్మల్ అని రాసిన ఆ డాక్టర్ తప్పు రాయలేదు, కానీ ఆ పరీక్ష మీ ఫిర్యాదును కొలిచే పరీక్ష కాదు.

చెవి లోపల నత్త ఆకారంలో ఉండే భాగంలో సుమారు పదిహేను వేల వెంట్రుక కణాలుంటాయి, మనుషుల్లో అవి ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. అవి బాగానే ఉన్నా, వాటికీ నరానికీ మధ్య ఉండే అతుకులు తెగిపోవచ్చు. 2009లో అమెరికాలో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అనే పరిశోధకులు ఎలుకల మీద చూపించింది ఇదే. పెద్ద చప్పుడు విన్న తర్వాత మందగించిన వినికిడి కొన్నాళ్లకు మామూలుకొచ్చేసింది, పరీక్షల్లో అంతా బాగానే కనపడింది, కానీ కొన్ని చోట్ల ఆ అతుకులు సగం దాకా శాశ్వతంగా పోయాయి. మనుషుల్లో దీన్ని కచ్చితంగా కొలిచే పరీక్ష ఇంకా ఆసుపత్రులకు రాలేదు. డీజే బాక్సుల పక్కన నిలబడి వచ్చిన కుర్రాడు రెండు రోజులు చెవులు గింగురుమన్నాయి, తర్వాత సర్దుకుంది అంటాడు చూడండి, అలా సర్దుకున్నంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు ఉండొచ్చు అనుకుంటే, మూడు డెసిబెల్స్ పెరిగినకొద్దీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. నిమజ్జనం ఊరేగింపులో డీజే బండి పక్కన 100 దాటడం మామూలే.

చెవి నుంచి వచ్చే సంకేతం ఏ కాస్త తగ్గినా మెదడు ఊరుకోదు, తన వైపు నుంచి బలం పెంచుకుంటుంది. రేడియోలో స్టేషన్ సరిగ్గా అందనప్పుడు వాల్యూమ్ పెంచితే పాటతోపాటు గరగర కూడా పెరిగినట్టు అన్నమాట. ఆ గరగరే మీకు రాత్రి వినపడే కుయ్ మోత, ఆ పెంచిన వాల్యూమ్ వల్లే స్టీలు గిన్నె చప్పుడు పిడుగులా తగులుతోంది. హోరుకి టినిటస్, చప్పుడు భరించలేకపోవడానికి హైపర్ఎక్యూసిస్ అని రెండు పేర్లున్నా, ఈ రెండూ తరచుగా జంటగా రావడానికి ఇదొక కారణం అని ఎక్కువమంది నమ్ముతున్నారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

కానీ ఇక్కడే ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. చెవిలో తేడా వస్తే చప్పుడు ఇబ్బంది పెట్టాలి. ట్యూబ్‌లైట్ ఎందుకు ఇబ్బంది పెడుతోంది? అగరొత్తి ఎందుకు? ధ్వని, వెలుతురు, వాసన మూడూ ఒకేసారి ఎక్కువైపోయాయి అని ఎవరైనా చెబితే నా ఆలోచన మొట్టమొదట మైగ్రేన్ వైపే పోతుంది.

మైగ్రేన్ అంటే మనవాళ్లకి పార్శ్వపు నొప్పి, తలకు గుడ్డ కట్టుకుని చీకటి గదిలో పడుకోవడం, వాంతి అయితే తగ్గిపోవడం. అది ఒక రూపం మాత్రమే. అసలు అది మెదడు ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని వడకట్టే పద్ధతిలో ఉండే తేడా, నొప్పి అందులో ఒక భాగం. కొందరికి నొప్పి తక్కువ, కళ్లు తిరగడం ఎక్కువ. కొందరికి నొప్పి లేని రోజుల్లో కూడా వెలుతురు, చప్పుడు, ఘాటు వాసనలు పడవు. ఆడవాళ్లలో మగవాళ్ల కంటే మూడు రెట్లు ఎక్కువ. మీరు తలనొప్పి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, కానీ తలనొప్పి ఉందా అని అడిగితే లేదని చెప్పి, నెలకి ఎన్నిసార్లు నొప్పి బిళ్ల వేసుకుంటారు అని అడిగితే వారానికి రెండు మూడు అని చెప్పినవాళ్లని చాలామందిని చూశాను. అది మామూలేగా అనుకుంటారు. కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను: చిన్నప్పుడు బస్సు ఎక్కితే వాంతులయ్యేవా? అమ్మకో మేనత్తకో పార్శ్వపు నొప్పి ఉందా? ఎండలో తిరిగొచ్చినా, శనివారం ఉపవాసం ఉన్నా, నిద్ర ఒక పూట తప్పినా తల బరువెక్కుతుందా? నెలసరి ముందు రోజుల్లో చెవి మోత ఎక్కువవుతుందా? వీటిలో రెండు మూడింటికి అవును అనిపిస్తే మీరు చూపించుకోవాల్సింది న్యూరాలజిస్టుకి. మైగ్రేన్‌ని అదుపులో పెట్టాక చెవి మోత పూర్తిగా పోకపోయినా, చప్పుళ్లు తట్టుకునే శక్తి తిరిగి రావడం కళ్లారా చూస్తుంటాం. ఇంకో జాగ్రత్త, మామూలు నొప్పి బిళ్లలు నెలలో పదిహేను రోజులకు, కలగలుపు బిళ్లలూ, ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ బిళ్లలూ పది రోజులకు చేరితే ఆ బిళ్లలే తలనొప్పిని తెచ్చిపెడతాయి.

మైగ్రేన్‌కి దగ్గరి చుట్టం ఇంకొకటుంది, విజువల్ స్నో అంటారు. పాత టీవీలో సిగ్నల్ పోతే కనపడే చుక్కల్లాంటివి కళ్ల ముందు ఎప్పుడూ ఆడుతుండటం, చూసిన వస్తువు నీడ కాసేపు కంట్లోనే ఉండిపోవడం, రాత్రి చూపు సరిగా ఆనకపోవడం, దాంతోపాటు చెవిలో హోరు. కళ్ల పరీక్షలన్నీ నార్మల్ వస్తాయి, ఆ మనిషి ఎవరికి చెప్పినా నమ్మరు. మీకలాంటివి ఉంటే న్యూరాలజిస్టుకి తప్పకుండా చెప్పండి, మనమే చెప్పకపోతే వాళ్లు అడగరు.

రెండో పెద్ద విషయం మందులు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇది చాలా ఎక్కువ, ఎవరూ పట్టించుకోరు.

ఒక టీచరమ్మ వచ్చారు, అచ్చం మీలాంటి ఫిర్యాదే. సీలింగ్ ఫ్యాను లారీలా వినపడుతోందని, క్లాసులో పిల్లలు ఒక్కసారిగా లేచి గుడ్ మార్నింగ్ అంటే ఏడుపొస్తోందని. ఏం మందులు వాడుతున్నారు అంటే బీపీ బిళ్ల ఒక్కటే అన్నారు. నిద్రకి ఏమైనా వేసుకునేవారా అని అడిగితే కాసేపు ఆగి హ్యాండ్‌బ్యాగులోంచి కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క తీశారు, అందులో రెండు బిళ్లలు, ఒకటి సగానికి విరిచింది. అల్ప్రాజోలం. భర్త పోయినప్పుడు ఎవరో డాక్టర్ నెల రోజులకు రాసిన చీటీ మీద రెండేళ్లు కొనుక్కున్నారు. అలవాటైపోతుందని చుట్టాలెవరో భయపెడితే ఒక్కరోజున మానేశారు. ఆ వారంలోనే ఇదంతా మొదలైంది. దాన్ని ఆవిడ మందుల లెక్కలో వెయ్యలేదు, నిద్రబిళ్ల కదా అని. సైకియాట్రిస్టు మళ్లీ మొదలుపెట్టి నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. ఆ తర్వాత ఆవిడ పాఠం చెబుతున్నంతసేపూ చెవి మోత గుర్తుకే రావడం లేదన్నారు.

అల్ప్రాజోలం, క్లోనాజెపామ్, డయాజెపామ్ లాంటివి ఎక్కువకాలం వాడి ఒక్కసారి ఆపితే నిద్ర పట్టకపోవడం, గాభరా, చెవి హోరు, చప్పుడూ వెలుతురూ భరించలేకపోవడం, కొందరికి ఫిట్స్ దాకా వస్తాయి. మీరు కూడా టెన్షన్ కోసమో నిద్ర కోసమో ఇలాంటివి వాడుతుంటే ఇది చదివి ఇవాళే ఆపెయ్యకండి, డాక్టర్ చేత తగ్గించుకోండి.

చెవికి పడని మిగతా మందుల్లో, ఎక్కువ మోతాదు ఆస్పిరిన్ వల్ల వచ్చే హోరు ఆపితే సాధారణంగా తగ్గుతుంది. మలేరియాకి వాడే క్వినైన్, క్లోరోక్విన్‌తోనూ హోరు రావచ్చు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు, వెనకటి రోజుల్లో టీబీకి విరివిగా ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్, వీటి దెబ్బ మాత్రం చాలావరకు వెనక్కి రాదు. ఏ మందైనా మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో హోరు వచ్చిందంటే రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పాలి, సొంతంగా మానకూడదు.

దవడ సంగతి ఇప్పుడే, కూర్చున్నచోటే చూసుకోవచ్చు. గది కాస్త నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పళ్లు గట్టిగా బిగించండి. తర్వాత కింది దవడ ముందుకు చాపండి. అరచేయి నుదుటికి ఆనించి తలతో ముందుకు తోయండి. వీటిలో దేనికైనా మోత పెరిగినా, తగ్గినా, స్వరం మారినా మీ హోరులో మెడకో దవడకో వాటా ఉన్నట్టే. దవడ, మెడ నరాలు మెదడు కాండం దగ్గర వినికిడి దారితో కలుస్తాయి. ల్యాప్‌టాప్ ముందు మెడ ముందుకు చాపి పది గంటలు కూర్చునేవాళ్లలో, రాత్రి నిద్రలో పళ్లు కొరికేవాళ్లలో ఇది చాలా మామూలు. పొద్దున లేవగానే కణతలు నొప్పిగా ఉంటే పళ్ల డాక్టర్‌ని కలవండి. రాత్రి పెట్టుకునే గార్డు, మెడకు ఫిజియోథెరపీ చాలామందికి పనిచేస్తాయి.

మిగతా కారణాలు గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే మీ విషయంలో వీటికి అవకాశం తక్కువ. గులిమి గట్టిపడి కర్ణభేరికి ఆనుకోవడం, చెవి చీము, మధ్య చెవిలోని బుల్లి ఎముక బిగుసుకుపోయే ఓటోస్క్లెరోసిస్, హోరుతోపాటు చెవి బరువెక్కి గంటల తరబడి తల తిరిగే మెనియర్స్. ముఖానికి పక్షవాతం వచ్చినప్పుడు ఆ పక్క చెవికి చప్పుళ్లు మోగిపోతాయి, పెద్ద శబ్దాన్ని ఆపే చిన్న కండరం ఆ నరంతోనే పనిచేస్తుంది కాబట్టి. తన గొంతు తనకే తలలో మోగడం, కనుగుడ్డు కదిలితే కూడా చప్పుడు వినపడటం, పెద్ద శబ్దానికి తల తిరగడం ఉంటే చెవి లోపలి అర్ధవృత్తాకార గొట్టం పైన ఎముకకు చిల్లు ఉండొచ్చు, 1998లో లాయిడ్ మైనర్ అనే డాక్టర్ దీన్ని మొదట వివరించారు, సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. హెల్మెట్ లేకుండా బండి మీద నుంచి పడ్డాక, స్కాన్ బాగానే ఉందన్నా, నెలల తరబడి వెలుతురూ చప్పుడూ పడకపోవచ్చు. ఇంకొందరికి చిన్నప్పటి నుంచే చొక్కా లేబుల్ గుచ్చుకోవడం, జనంలో ఉక్కిరిబిక్కిరి కావడం ఉంటుంది, వాళ్లలో ఆటిజం పెద్దయ్యేదాకా ఎవరూ గుర్తించకపోయి ఉండొచ్చు. పక్కవాళ్లు టీ జుర్రితేనో, చప్పరిస్తేనో కోపం కట్టలు తెంచుకోవడం మిసోఫోనియా. అది చప్పుడు పెద్దదై కాదు, ఫలానా చప్పుడు అయినందుకు. మీది అది కాదు.

రక్త పరీక్షల్లో హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 చాలు. బి12 తక్కువుంటే సరిచేసుకోండి, కానీ అంతా బాగుండి కూడా హోరు పోతుందన్న ఆశతో ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు చేయించుకోకండి.

ఇప్పుడు ఆ ఇయర్‌ప్లగ్స్ దగ్గరకొద్దాం. బాధ కలిగించేదాని నుంచి తప్పుకోవడం సహజం, మిమ్మల్ని తప్పుపట్టను. కానీ బయటి చప్పుడు ఆపేసినకొద్దీ ఇందాక చెప్పిన వాల్యూమ్‌ని మెదడు ఇంకా పెంచుతుంది. 2003లో అమెరికాలో ఫార్మ్‌బీ అనే పరిశోధకుడి బృందం బాగా వినపడేవాళ్లకే రెండు వారాలు ప్లగ్స్ పెట్టి చూసింది. తీశాక వాళ్లకి మామూలు చప్పుళ్లే ఎక్కువగా అనిపించాయి. అన్ని రోజులూ చెవిలో సన్నటి ధ్వని వినిపించే పరికరం పెట్టుకున్నవాళ్లకు దీనికి తలకిందులుగా జరిగింది, తట్టుకునే శక్తి పెరిగింది. 2012లో లండన్‌లో 18 మందికి ఒక చెవికి మాత్రం వారం రోజులు ప్లగ్ పెడితే, ఏ జబ్బూ లేని ఆ మనుషుల్లో 14 మందికి లేని మోతలు వినపడటం మొదలైంది, తీసేశాక పోయాయి. అంతెందుకు, 1953లోనే 80 మంది ఆరోగ్యవంతులను చప్పుడు చొరబడని గదిలో ఐదు నిమిషాలు కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక మోత విన్నామన్నారు. నిశ్శబ్దం మీ చెవికి మందు కాదు. చలికాలం వచ్చి రాత్రిళ్లు ఫ్యాను ఆపేశాక హోరు పెరిగిందని ప్రతి ఏడాదీ జనం వస్తారు, కరెంటు పోయిన రాత్రి నిద్రపట్టదంటారు. పెరిగింది హోరు కాదు, దాన్ని కప్పే చప్పుడు పోయింది.

ప్లగ్స్‌ని ఒక్కసారిగా తీసి పారెయ్యమనను. మొదట ఇంట్లో మీ గదిలో తియ్యండి. టేబుల్ ఫ్యాను గాని, ఫోన్‌లో వాన చప్పుడు గాని, మీ హోరు కంటే కొంచెం తక్కువ స్థాయిలో పెట్టుకోండి. హోరుని పూర్తిగా ముంచేసేంత పెట్టకూడదు, రెండూ పక్కపక్కన వినపడుతూ ఉండాలి. అలా అయితేనే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. తర్వాత వంటింట్లో, తర్వాత బాల్కనీలో, కొన్ని వారాల మీద. డ్రిల్లింగ్, డీజే, టపాసులు, ఇలాంటి నిజంగా పెద్ద చప్పుళ్లకు మాత్రం ప్లగ్స్ ఉండాల్సిందే. రాత్రి నిద్ర సమయం కదలనివ్వకండి, ఆఫీసు కాల్స్ హెడ్‌ఫోన్స్‌లో కాకుండా స్పీకర్‌లో మాట్లాడే వీలుంటే మాట్లాడండి.

మీకు రాసిన బిళ్లల పేరు చెప్పలేదు, బహుశా బీటాహిస్టిన్ (కళ్లు తిరగడానికి వాడే మందు), గింకో (ఒక చెట్టు ఆకుల సారం) కలిసినవి అయ్యుంటాయి, మన దగ్గర ఎక్కువగా రాసేవి అవే. మెనియర్స్ లేనివాళ్లకి బీటాహిస్టిన్ హోరు తగ్గిస్తుందని చూపించే గట్టి ఆధారం లేదు, గింకో పరిస్థితీ అంతే. టినిటస్‌కే అని అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. కాబట్టి బిళ్ల పనిచెయ్యలేదు అంటే మీది మొండి కేసు అని కాదు. ఆధారం బలంగా ఉన్నవి రెండు: వినికిడి తగ్గినవాళ్లకి హియరింగ్ ఎయిడ్, ఎవరికైనా సీబీటీ అనే కౌన్సెలింగ్. కౌన్సెలింగ్ అనగానే నాకు పిచ్చి అంటున్నారా అని బాధపడేవాళ్లున్నారు. కాదు. హోరు ఉందని అందరూ ఒప్పుకుంటారు. అది వినపడగానే గుండె దడ, దడతో నిద్ర పట్టకపోవడం, నిద్ర లేక హోరు ఇంకా పెద్దగా వినపడటం, ఈ గొలుసును తెంపడమే ఆ చికిత్స పని. జీవితాంతం ఉంటుందా అన్నారు. మోత సన్నగా మిగిలిపోవచ్చు, ఆ మాట దాచను. కానీ మోత ఉండటం వేరు, అది రోజంతా బాధించడం వేరు. బాధ తగ్గిపోయేవాళ్లే ఎక్కువ, మూడు నెలలంటే ఇంకా తొలి రోజులే. దీనివల్ల బతకాలని లేదు అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అప్పటికప్పుడు 14416కి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

తర్వాతి విజిట్‌కి ఇవి అడగండి: 8,000 పైన కూడా చూసే హై ఫ్రీక్వెన్సీ ఆడియోమెట్రీ, చెవి లోపలి వెంట్రుక కణాల పనితీరు చూసే ఓఏఈ, ఏ స్థాయి చప్పుడు మీకు బాధగా ఉంటుందో చూసే పరీక్ష. ఈ చివరిది మామూలువాళ్లలో 100 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, మీలాంటివాళ్లలో బాగా కిందికి దిగుతుంది, కాగితం మీద ఆ అంకె పడితే ఇంట్లోవాళ్లు కూడా నమ్ముతారు. పరీక్ష మొదలుపెట్టకముందే నాకు చప్పుళ్లు పడవు, నెమ్మదిగా పెంచండి, చెయ్యి ఎత్తగానే ఆపండి అని చెప్పండి. పెద్ద శబ్దానికి చెవిలోని చిన్న కండరం ఎలా స్పందిస్తుందో చూసే రిఫ్లెక్స్ టెస్టులో చెవిలో చాలా పెద్ద ధ్వనులు వేస్తారు, అవసరం లేకపోతే అది వద్దనండి. ఎప్పుడైనా ఎమ్మారై తీయించాల్సొస్తే చెవి రక్షణ అడిగి మరీ పెట్టించుకోండి, ఆ మెషిన్ మోత 100 దాటుతుంది. ప్రైవేటులో ఖర్చనిపిస్తే కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అది వినికిడి పనికే పెట్టింది. విశాఖ వైపువాళ్లకి అక్కడి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి.

పెళ్లికి వెళ్లండి. తమ్ముడి పెళ్లికి అక్క లేకపోతే ఎలా. మ్యుజీషియన్ ఇయర్‌ప్లగ్స్ అని దొరుకుతాయి, మాటలు వినపడనిస్తూ మోత తగ్గిస్తాయి, అవి కొనుక్కుని ముందే ఇంట్లో అలవాటు చేసుకోండి. డీజే బాక్సులకి ఎదురుగా కాకుండా పక్కకి, దూరంగా నిలబడండి, బరాత్‌లో మాత్రం అవి పెట్టుకునే ఉండండి. ముహూర్తం దగ్గర పంతులుగారు గట్టిమేళం అనేముందు మీకు తెలుస్తూనే ఉంటుంది, ఆ రెండు నిమిషాలు పెట్టుకుని అక్షింతలు వేశాక తీసెయ్యండి. ముందు రోజు రాత్రి ఎలాగైనా నిద్రపోండి, పెళ్లి హడావిడిలో టిఫిన్ మానకండి, డాక్టర్ మీకు మైగ్రేన్ మందు రాసి ఉంటే అది పర్సులో ఉంచుకోండి. వీడియోవాళ్ల లైట్లు ముఖం మీద పడని చోట కుర్చీ వేయించుకోండి. ఎక్కువైపోతే విడిదింట్లో ఫ్యాను ఉన్న గదిలో అరగంట కూర్చుని రండి, తలుపులేసిన నిశ్శబ్దం గదిలో కాదు. మైగ్రేన్ ప్రశ్నలకీ, నిద్రబిళ్లల ప్రశ్నకీ, దవడ పరీక్షకీ ఏం తేలిందో రాయండి, దాన్ని బట్టి ముందు ఎవరిని కలవాలో చెబుతాను.